దుబాసీ పని

“ఏమంటోంది మీ టీచరు?” అన్నాడు తండ్రి, పిల్లలు కూర్చునే బల్లలో ఇరుక్కుని కూర్చుంటూ.

టీచరు అన్నది పిల్లకి పూర్తిగా అర్థమైంది. వచ్చిన చిక్కల్లా అదే. “మీ అమ్మాయి ఇంకో ఏడాది ఈ గదిలోనే ఉండాలి” అని ఇంగ్లీషులో తొణక్కుండా చెప్పిందావిడ.

హైస్కూల్లో ఓ మూలనుంది ఆ గది. ఇంగ్లీషు రాకుండా వచ్చి చేరిన పిల్లల్ని ముందు అక్కడ కూర్చోబెట్టి, భాష పట్టుబడ్డాక పెద్ద తరగతికి పంపుతారు. తనతో పాటు చేరినవాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారు. తను మాత్రం రెండేళ్ళుగా గోడకి కొట్టిన మేకులా అక్కడే ఉండిపోయింది. రాతలో ఏ లోటూ లేదు. నోరు విప్పమంటేనే నాలుక పిడచకట్టుకుపోతుంది. తోటివాళ్ళు ‘మౌనస్వామి’ అని పేరు పెట్టారు.

ఆ టీచరు దగ్గర తెలుగుతో గట్టెక్కడం కుదరదు. ఎవరైనా ఒక తెలుగు ముక్క అంటే చాలు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అర్థం కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపేస్తుంది. ఆ ధైర్యంతోనే పిల్లలు ఆవిడ ఎదుటే ఆవిణ్ణి ‘కొంగమ్మ’ అనుకునేవాళ్ళు.

నిన్న ఇంట్లో తండ్రి తేల్చి చెప్పేశాడు. “ఇంకో ఏడాది అక్కడే అన్నారంటే ఇక బడి వద్దు. బేకరీలో కౌంటరు దగ్గర కూర్చో. మీ అమ్మకి నడుం పట్టేసినప్పట్నుంచీ మనిషి లేక చస్తున్నా.”

బడి మానేది లేదని పిల్ల పొద్దున జడ వేసుకుంటున్నప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఇప్పుడు తండ్రి వైపు తిరిగింది.

“బాగా చదువుతున్నానట నాన్నా. పెద్ద క్లాసుకి పంపే ఆలోచనలో ఉన్నారట.”

“మరి మొహం అలా పెట్టిందేం?”

“ఆవిడ మొహమే అంత.”

తండ్రికి నమ్మకం కుదరలేదు. “నువ్వు చెప్పే కొంగమ్మ ఈవిడేగా? ఇన్నాళ్ళూ ఏం నేర్పిందో అడుగు. ఆలోచనలూ గీలోచనలూ వద్దు. పంపితే పంపమను, లేకపోతే రేపట్నుంచి నిన్ను మాన్పించేస్తానని చెప్పు.”

టీచరు కనుబొమలెత్తి పిల్లని చూసింది.

“మీకు చాలా ధన్యవాదాలు చెప్పమంటున్నారు మేడమ్,” అంది పిల్ల ఇంగ్లీషులో. “మీరు ఎంతో ఓపిగ్గా నేర్పారట. నేనెంత చదివితే అంతవరకూ చదివిస్తారట.”

“ధన్యవాదాలు అంత గట్టిగా చెబుతారా?”

“బేకరీలో మిషన్ల చప్పుడు మేడమ్. ఆయనకి అలా అలవాటైపోయింది.”

టీచరు కళ్ళజోడు సర్దుకుంది. ఈసారి రోజూలా మాటామాటా విడదీసి చెప్పలేదు. ఇంగ్లీషులో గడగడా దంచేసింది. “పెద్ద తరగతిలో అడిగినదానికి అప్పటికప్పుడు బదులివ్వాలి. మీ అమ్మాయి నోరు తెరిచి ఉంటే కిందటేడే పంపేదాన్ని. ఇలాగే పంపితే అక్కడ మునిగిపోతుంది. అప్పుడు పూచీ ఎవరిది? అడుగు మీ నాన్నని.”

పిల్ల చటుక్కున తండ్రికి చెప్పింది. “నేను ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుతున్నానా అని అడుగుతున్నారు నాన్నా.”

“అంతసేపు వాయించింది, ఇంతేనా?”

“ఇంగ్లీషంటే అంతే నాన్నా. సాగదీస్తారు.”

తండ్రి గోళ్ళలో ఇరుక్కున్న పిండిని గీక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. “ఇంట్లో ఇంగ్లీషెక్కడిది? ఏడుపే. స్నానాల గదిలో నీళ్ళు వదిలేసి, ఎవరికీ వినబడదనుకుని ఏడుస్తావు. ఎదిగిన పిల్లవి, చిన్నవాళ్ళ మధ్య కూర్చోలేక. కొట్లో మనిషి కావాలన్నది ఉత్తి మాటే. నీ ఏడుపు వినలేకే మాన్పిద్దామనుకున్నా. ఇదంతా ఆవిడకి చెప్పకులే.”

పిల్ల ఆ నీళ్ళ చప్పుడు తనని కాపాడుతోందనే ఇన్నాళ్ళూ అనుకుంది.

వద్దన్న మాటే టీచరుకి చెప్పింది. ఈసారి ఒక్క ముక్క మార్చలేదు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. అంతా అయ్యాక తన మాట కలిపింది. “నేనిక ఏడవను మేడమ్. పెద్ద క్లాసుకి పంపండి. అక్కడ మునిగితే ఒడ్డుకి రావడం నా పూచీ. మీరు ఇక్కడే ఉంచినా సరే, బడి మాత్రం మానను.”

టీచరు కుర్చీలోంచి లేచింది.

“సోమవారం నుంచి పెద్ద తరగతికి వెళ్ళు,” అంది ఇంగ్లీషులో.

పిల్ల ఆ మాటని ఉన్నదున్నట్టు తండ్రికి చెప్పింది.

“ముందే చెప్పావుగా పంపుతారని? మళ్ళీ ఈ కళ్ళనీళ్ళెందుకే?”

“ఇప్పుడు ఖాయం చేశారు నాన్నా.”

తండ్రి బల్లలోంచి కష్టపడి బయటికొచ్చి, టీచరుకి రెండు చేతులూ జోడించి, బండి తీయడానికి బయటికి నడిచాడు. పిల్ల సంచీ భుజాన తగిలించుకుంది గానీ కాళ్ళు కదల్లేదు.

“ఉన్నట్టుండి మనసెందుకు మార్చుకున్నారు మేడమ్?” అని ఇంగ్లీషులోనే అడిగింది.

టీచరు తలుపు దగ్గరగా వేసి, మొదటిసారి నవ్వింది.

“మీ నాన్న అన్న మాటలకన్నా నువ్వు మార్చి చెప్పినవే బాగున్నాయమ్మాయ్,” అంది తెలుగులో.