చెమటలో ఉప్పు

లిఫ్టు రెండో అంతస్తు చేరకముందే ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

లైటు ఆరింది. ఫ్యాను ఆగింది. టీచరు చంకలో పాప ఉలిక్కిపడి దగ్గు అందుకుంది.

లోపల ఉన్నది ఇంకొక్కరే. చేతిసంచీ పట్టుకున్న నడివయసు ఆవిడ. ఆ అపార్టుమెంటులో టీచరు ఎన్నడూ చూడని ముఖం.

గంట నొక్కితే కింది నుంచి వాచ్‌మన్ పలికాడు. మెకానిక్కుకి ఫోన్ చేశానని, కాస్త ఓపిక పట్టమని కేకేశాడు.

ఓపిక అన్న మాట వింటేనే టీచరుకి ఒళ్ళు మండింది. పాప పుట్టినప్పటి నుంచి ఆమె చేస్తున్నది అదే. స్కూలుకి సెలవు పెట్టింది. పిల్లకి దుమ్ము పడదని అత్తగారు కిటికీలన్నీ మూయించింది. ఎంత తాగినా పాప ఒళ్ళు చేయదు, దగ్గు తగ్గదు. తల్లి పాలు పల్చనని ఒకరు, పెంపకం చేతకాదని ఇంకొకరు. మందుల షాపు దాకా వెళ్ళొస్తే అదే ఆమెకి షికారు.

ఆ షికారు కూడా ఇవాళ ఈ ఇనప డబ్బాలో ఇరుక్కుంది.

ఉక్కకి పాప గుక్కపట్టింది. టీచరు ఎంత జోకొట్టినా ఊరుకోకపోవడం ఆవిడ చూసింది.

"ఇలా ఇవ్వమ్మా."

గత్యంతరం లేక ఇచ్చింది.

ఆవిడ పాపని భుజాన వేసుకుని, అరచేతిని దొప్పలా ముడిచి వీపు మీద మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. బాగా అలవాటున్న చెయ్యిలా ఉంది. కాసేపటికి దగ్గు సర్దుకుంది. ఆవిడ పాప నుదుటి మీద ముద్దు పెట్టింది.

పెట్టి, అలాగే ఉండిపోయింది. నాలుకతో పెదవులు తడుముకుంది.

"పిల్ల ఉప్పగా ఉంది."

"ఉక్క కదండీ. చెమట పట్టింది."

"ఇది ఆ ఉప్పు కాదమ్మా. రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. చెమటలో ఉప్పు ఎంతుందో చూడమను. ఆలస్యం చేస్తే పిల్ల దక్కదు."

దక్కదన్న మాట అంతవరకూ ఎవరూ పైకి అనలేదు. టీచరు పాపని లాక్కుంది. ఆవిడ ఇంకేదో చెప్పబోతే, మీ సలహాలు మీ దగ్గరే ఉంచుకోండని అటు తిరిగి నిలబడింది. తిరిగినా వెళ్ళడానికి చోటు లేదు. మెకానిక్కు వచ్చి లిఫ్టుని కిందికి దించేదాకా ఇద్దరూ ఆ చీకట్లో ఒకరి ఊపిరి ఒకరు వింటూ ఉండిపోయారు.

బయటపడగానే టీచరు, ఆవిడని మళ్ళీ లోపలికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కి గట్టిగా చెప్పింది. ఆవిడ గేటు వైపు నడిచింది.

ఇంటికొచ్చి సంగతి చెబితే, ఆవిడ చూడ్డానికి ఎలా ఉందని అత్తగారు అడిగింది. విని, దారినపోయేవాళ్ళ మాటలు పట్టించుకోకమ్మా అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున పాప పెదవులు నీలం తిరిగాయి.

ఆసుపత్రిలో పాపని అద్దాల గదిలో పెట్టారు. డాక్టరమ్మ టీచరుని, ఆమె భర్తని, అత్తగారిని కూర్చోబెట్టి, ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఒక సన్నటి పొర ఉంటుందని మొదలుపెట్టింది.

"కణత్వచం," అంది టీచరు.

ఏటా బోర్డు మీద ఆమె గీసే బొమ్మే. అది గోడ కాదర్రా, కావలసినదాన్ని రానిస్తుంది, అక్కర్లేనిదాన్ని ఆపుతుంది అని పిల్లలకి చెప్పే పాఠమే.

"ఆ పొరలో ఉప్పు రాకపోకలకి దారులుంటాయి. మీ పాపకి అవి పుట్టుకతోనే పనిచెయ్యడం లేదు. అందుకే ఉప్పు వెనక్కి వెళ్ళలేక చర్మం మీదే మిగిలిపోతోంది. ఊపిరితిత్తుల్లో తేమ చాలక కఫం జిగురులా బిగుసుకుపోయింది. చెమట పరీక్షలో తేలిపోయేది. ముందే తెచ్చుంటే కుడి ఊపిరితిత్తి ఇంత పాడయ్యేది కాదు."

టీచరుకి లిఫ్టులోని చీకటి గుర్తొచ్చింది.

ఇది తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా వస్తేనే పిల్లలకి పట్టుకుంటుందని, మీ రెండు కుటుంబాల్లో పసిపిల్లలు ఎవరైనా ఇలా పోయారా అని డాక్టరమ్మ అడిగింది. తనకి తెలిసి లేరంది టీచరు. భర్త తల్లి వంక చూశాడు. ఆమె తలెత్తలేదు.

"మా వైపు ఎవరూ లేరండీ," అన్నాడు.

పాప బట్టల కోసం ఇంటికొచ్చిన టీచరు తిన్నగా వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళింది. లిఫ్టులో కలిసిన ఆవిడ ఎక్కడుంటుందో తెలిస్తే చాలు, వెళ్ళి కాళ్ళ మీద పడాలనుకుంది.

అతనికి తెలియదు. ఆ తర్వాత కూడా ఆవిడ చాలాసార్లు వచ్చిందని, మీరు వద్దన్నారు కాబట్టి గేటు దగ్గరే ఆపేశానని, పాప ఎలా ఉందని అడిగి వెళ్ళిపోయేదని చెప్పాడు. ఒకరోజు ఎంతకీ కదలకపోతే టీచరు అత్తగారిని కిందికి పిలిచాడట. ఆమె వచ్చి మాట్లాడి పంపేసింది. మళ్ళీ రాలేదు.

"మా అత్తయ్య ఏమన్నారు?"

"ఆమె మెల్లగా మాట్లాడారు, వినపడలేదమ్మా," వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. "పిల్లలిద్దరూ పోయారని నన్ను వెలేస్తే వేశావు, తమ్ముడి బిడ్డనైనా దక్కించుకో అమ్మా అని ఆవిడ మీ అత్తగారి కాళ్ళు పట్టుకోవడం మాత్రం చూశాను."