పన్నెండో గడి

"ఒక్క గడి ఖాళీగా ఉన్నా పోటీలో పెట్టేది లేదు. రూలంటే రూలే. నువ్వు బావమరిదివైనా సరే!"

టెక్కలి నుంచి వచ్చిన రవికుమార్ మొహం మీదే ఈ మాట అనేసి పది నిమిషాలు కాలేదు. ఇప్పుడు అదే రూలు మన్మథరావు మెడకే చుట్టుకుంది.

పలాసలో నాణేల పోటీ పెట్టడం ఇదే మొదలు. జీడిపప్పు వ్యాపారి మన్మథరావు నెల్లాళ్ళు కూర్చుని, పప్పును గుళ్ళు, బద్దలు, ముక్కలు అని ఏరినట్టు పోటీని విభాగాలుగా ఏరాడు. వెండివి వేరు, రాజులవి వేరు. అన్నిటికన్నా పెద్ద కప్పు మాత్రం 'రకానికొకటి' విభాగానిది. అచ్చువేసిన అట్ట మీద పన్నెండు గడులుంటాయి. విక్టోరియా రాణి కాణీతో మొదలై ఇప్పటి ఇరవై రూపాయల బిళ్ళతో ముగుస్తాయి. ఒక రకం రెండుసార్లు రాకూడదు, ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఆ కప్పు విశాఖపట్నం వాళ్ళు ఎగరేసుకుపోకుండా మన ఉద్దానం వాళ్ళకే దక్కాలని ఆయన పడని తాపత్రయం లేదు.

తీరా ఆ ఉద్దానం సముద్రపుటొడ్డు నుంచే ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి, పోటీ జరిగే పెళ్ళిమండపంలో ఆయన బల్ల మీద అట్ట పెట్టారు. పెద్దావిడ పేరు ముసలమ్మ. పక్కనున్నది కోడలు నాగమణి, ఎండుచేపలు అమ్ముకోవడానికి కాశీబుగ్గ వచ్చినప్పుడు గోడమీద పోటీ కాగితం చూసిందట.

మన్మథరావు భూతద్దం పెట్టి చూశాడు. "ఓరి నాయనో!" అన్నాడు.

రాణి కాణీ, ఎడ్వర్డు కాణీ, చిల్లు కాణీ, అంచు వంకీల అణా, నయాపైసా, తామరపువ్వు ఇరవై పైసలు, ఖడ్గమృగం పావలా... ఎవరూ తోమలేదు, గీకలేదు. లక్షలు పోసి వేలంలో కొన్న తన సెట్టు వీటి ముందు ఎందుకూ పనికిరాదు.

"ఈ పచ్చటి మరకేటి మామ్మా?"

"పసుపు బావూ. పసుపుగుడ్డల్లో ఉండినాయి. నిన్ననే మూటలు ఇప్పినాం."

"ఎవరు దాచారు ఇవన్నీ?"

ముసలమ్మ ఒక్కో బిళ్ళ మీదా వేలు పెట్టింది. "ఇది మా మావగోరి తాతది. ఇది ఆ తాత తమ్ముడిది. ఈ తామరపువ్వుది మా మావగోరిది. ఐదు రూపాయలు నా పెనిమిటిది. ఈ పది రూపాయలు నా పెద్దకొడుకుది."

మన్మథరావు భూతద్దం పక్కన పెట్టేశాడు. తరతరాలుగా ఒక్కొక్కడూ తన కాలపు బిళ్ళ ఒకటి తీసిపెట్టి పోయాడన్నమాట! చదువు లేదు, కేటలాగు లేదు, ఎంత ముందుచూపు! ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"ఒకే రకంవి రెండేసి కూడా ఉన్నాయండి," అంది నాగమణి. "రకానికొకటేనని మీ కాయితంలో ఉంది గదా, జోడీవి ఇంటికాడ వదిలేసొచ్చినాం." అంటూనే చేతిలో ఫోను మళ్ళీ చూసుకుంది. వచ్చినప్పట్నుంచీ అదే పని.

"మంచి పని చేశావు. జోడీలుంటే మార్కులు పోతాయి."

"ఈటి కింద పేర్లు రాత్తారా బావూ?" ముసలమ్మ అట్ట మీదికి వంగింది.

"రాయకపోతే ఎలా? ఎవరి బిళ్ళ కింద వాళ్ళ పేరు రాసి అద్దం కింద పెడతాం. మూడు రోజులు ఊరూవాడా వచ్చి చూస్తారు."

ముసలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆళ్ళ పేరు రాసుకోడానికి ఎక్కడా జానెడు సోటు నేదు బావూ. నేనొచ్చింది దానికే. కప్పు మీరే ఉంచుకోండి."

కానీ పన్నెండో గడి ఖాళీ. అవతల రవికుమార్ గోడకి చేరబడి వినోదం చూస్తున్నాడు. "రూలంటే రూలే కదా బావా!" అన్నాడు.

మన్మథరావుకి రోషం వచ్చింది. ఇరవై రూపాయల బిళ్ళ ఏమైనా బ్రహ్మపదార్థమా! జేబులో చెయ్యిపెట్టి ఒకటి తీశాడు.

"మీ ఇంట్లో ఈ తరం వాడెవడు మామ్మా?"

"నా సిన్నకొడుకు అప్పలరాజు బావూ. ఈ పిల్ల పెనిమిటి."

"ఇంకేం! ఇది అప్పలరాజుది!" ఆయన బిళ్ళను పన్నెండో గడిలో నొక్కి, కింద చక్కటి అక్షరాలతో 'అప్పలరాజు' అని రాసేశాడు. "పదకొండు మంది పెద్దల పక్కన కూర్చోబెట్టాను, చూసుకో!"

నాగమణి కెవ్వుమంది. ఆ బిళ్ళను గోళ్ళతో పెరికి విసిరికొట్టింది. అది పెళ్ళిమండపం గచ్చు మీద దొర్లుకుంటూ పోయింది. ముసలమ్మ ఉమ్మితో తడిపిన కొంగు పెట్టి ఆ పేరును గసగసా రుద్దేస్తోంది.

"ఇదేం చోద్యం!" మన్మథరావుకి కోపం, బాధా కలిసి వచ్చాయి. "ఒక్క బిళ్ళ మామ్మా! అదుంటే కప్పు మీది, పేర్లు అద్దం కింద ఉంటాయి. లేదంటే అన్నీ వెనక్కి పట్టుకుపోవాల్సిందే!"

"పట్టుకుపోతాం బావూ." ముసలమ్మ ఒక్కో బిళ్ళా ఏరి, దేని పసుపుగుడ్డలో దాన్ని చుట్టుకుంటోంది. "సంద్రం మీద యేటకెల్లే ముందు మా మగోళ్ళు ఒక బిళ్ళ గుమ్మానికి కట్టి ఎల్తారు. ఒడ్డెక్కినోడు తన బిళ్ళ తనే ఇప్పుకోని టీ తాగేత్తాడు. ఒడ్డెక్కనోడిదే మాకు మిగుల్తాది. అప్పలరాజు ఇయ్యాల తెల్లారగట్ల ఎల్లినాడు, ఆడి బిళ్ళ ఇంకా గుమ్మానికే ఉంది."