కార్జంలో కావలి

"ముక్క కాదు గదా, వెంట్రుక గూడ ఇయ్య" అన్నాడు పోశన్న, తమ్ముడి శవానికి అడ్డంగా నిలబడి.

తమ్ముడు లింబాద్రి ఆ తెల్లవారుజామునే పోయాడు. మోర్తాడ్ రైతు. కామెర్లని ఊళ్లో పసరు తాగి, చేతికి వాత పెట్టించుకుని, ఏదీ పనిచేయక నెల కిందట నిజామాబాద్ ఆసుపత్రికి వచ్చాడు. తీరా చూస్తే కార్జంలో, అంటే కాలేయంలో, క్యాన్సర్ గడ్డ. శవాన్ని తీసుకుపోవడానికి జీపు వచ్చి గేటు దగ్గర ఆగింది. సరిగ్గా అప్పుడే డాక్టర్ ఆత్మారాం వచ్చి, ఆ కాలేయంలోంచి చిన్న ముక్క ఇవ్వమని అడిగాడు. అడగడానికి అంతకంటే చెడ్డ సమయం ఉండదు. కానీ చితి మీద పెట్టాక అడగలేడు కదా.

ఆత్మారాంకు మైక్రోస్కోపులో చూడటం వచ్చినంత బాగా మనుషులతో మాట్లాడటం రాదు. అయినా బోధన్ చెరుకు తోటల మధ్య పెరిగిన మనిషి కాబట్టి, రైతుకు రైతు భాషలోనే చెప్పబోయాడు. తోటకు కావలి ఉన్నట్టే మన రక్తంలో తెల్ల కణాలుంటాయి, దొంగ రోగం దూరితే పట్టుకుని చంపడం వాటి పని అన్నాడు. లింబాద్రి బతికుండగా సూదితో తీసిన నమూనాలో ఆ కావలి కణాలు గడ్డ చుట్టూ గుంపులు గుంపులుగా కనిపించాయట. కావలి గట్టిగానే ఉంది, మనిషి బతుకుతాడని సంబరపడ్డాడట. తీరా చూస్తే అవి ఎక్కడ ఎక్కువగా మూగాయో అక్కడే గడ్డ బాగా బలిసింది.

"కంచే చేను మేస్తున్నదని నా అనుమానం" అన్నాడు. "కావలి కణాలే గడ్డను పెంచుతున్నయేమో. సూదికి వచ్చిన పోగుతో అది తేలదు. ఇంకొంచెం పెద్ద ముక్క చూడాలె."

పోశన్న తెలివితక్కువవాడేమీ కాదు. అంతా విన్నాడు, అర్థం చేసుకున్నాడు కూడా.

"చేను పోయినంక దొంగ కావలోడు దొరికితే ఏంది, దొరకకుంటే ఏంది సారు? పానం మీరు నిలవెట్టలే. ఈ పెయ్యినన్న కోయకుంట నిండుగ పోనియ్యిండ్రి."

నెల రోజులు కంటికి రెప్పలా చూసుకున్నా లింబాద్రిని నిలపలేకపోయిన బాధ డాక్టరుకూ ఉంది. వెనక్కి తిరగబోయాడు.

గోడవారగా లింబాద్రి భార్య ముత్తవ్వ కూర్చుని ఉంది. బావ ఎదురుగా ఉంటే ముఖం మీంచి కొంగు తీయని ఇల్లు వాళ్లది. అప్పటిదాకా ఆమె గొంతు అక్కడెవరూ వినలేదు.

"సారూ, గా కావలోళ్లను ఆపే మందున్నదా?" అంది కొంగు చాటు నుంచే.

ఉందని ఒక్క అబద్ధం ఆడితే ఆత్మారాం పని సులువయ్యేది. మహానుభావుడు, ఆడలేదు.

"లేదమ్మా. ఇట్లాంటివి ఎన్నో చూసినంక ఎవరికన్న దొరకాలె."

"ఎప్పటికి దొరుకుతది?"

"చెప్పలేను. నేను బతికుండంగ కాకపోవచ్చు."

ఇక ఈ ముక్క దక్కదని ఆయన ఆశ వదిలేసుకున్నాడు. ముత్తవ్వ మొగుడి శవం వైపు ఒకసారి చూసింది. తర్వాత "తీస్కోండ్రి" అంది.

పోశన్న నిలువునా మండిపోయాడు. కోసిన శవాన్ని కులపోళ్లు ముట్టరన్నాడు. రేపు నలుగురిలో తలెత్తుకోలేమన్నాడు. మందు లేదని ఆ డాక్టరే చెబుతుంటే నీకేం పోయేకాలమని మరదల్ని కేకలేశాడు. చివరికి, తానైతే పాడె మోసేది లేదని తేల్చేశాడు.

"నువ్వు మోయకుంటే నేను మోస్త బావా" అంది ముత్తవ్వ. "ముందట వొచ్చేటోళ్లకన్న గా మందు దొరకని."

ఆడమనిషి పాడె మోయడం ఆ చుట్టుపక్కల ఎవరూ కనీ వినీ ఎరుగరు. కానీ మరదలు అన్నంత పనీ చేసే మనిషని పోశన్నకు తెలుసు. మెల్లగా పక్కకు జరిగాడు. మంచిగా కుట్టమని మాత్రం డాక్టరుకు చెప్పి, కండువాతో కళ్లు తుడుచుకుంటూ బయటికి పోయాడు.

చదువుకున్నవాళ్ల ఇళ్లల్లోనే ఈ మాట అడిగి చీవాట్లు తిని వచ్చినవాడు ఆత్మారాం. తన ఇంటికి రాని మందు కోసం మొగుడి కార్జం ఇచ్చిన ఇల్లాలికి మొక్కకపోతే ఇంకెవరికి మొక్కాలి? రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

పని అయిపోయింది. ముక్క సీసాలోకి చేరింది, లింబాద్రి జీపులోకి చేరాడు. బయల్దేరే ముందు నర్సు ప్రమీలమ్మ ముత్తవ్వ చెయ్యి పట్టుకుని, ముఖం కడుక్కొమ్మని నల్లా దగ్గరికి తీసుకుపోయింది. మొగుడు చల్లగా ఉండాలని రోజూ దట్టంగా పూసుకున్న పసుపు ఏడుపుకు చారికలు కట్టి ఉంది. ముత్తవ్వ కొంగు వెనక్కి తీసి, దోసిళ్లతో నీళ్లు చల్లుకుని ముఖం రుద్ది రుద్ది కడుక్కుంది. ఇంకోమాటు ధైర్యం చెప్పి పోదామని ఆత్మారాం దగ్గరికి వస్తే, ఆమె తలెత్తింది.

పసుపంతా నీళ్లలో కొట్టుకుపోయింది గాని, ఆమె ముఖమూ కళ్లూ కామెర్లతో వచ్చిన నాటి లింబాద్రివిలాగే పచ్చగా ఉన్నాయి.