కిటికీ సందు

కిటికీ సందులన్నిటిలో అత్తగారు పాత చీర పీలికలు కుక్కారు. సాయంత్రం కోడలు బొగ్గుల కుంపటి రాజేసి, ఒక పీలిక లాగేసింది.

"చలికి నన్ను కొయ్యబార్చి చంపుదామనా?"

"కుంపటున్న గదికి గాలి ఆడాలి అత్తయ్యా. బొగ్గుల్లోంచి వచ్చే విషం కంటికి కనపడదు."

"పుట్టినప్పట్నుంచీ కుంపట్లే. నాకేమన్నా అయిందా?"

అత్తగారు మూతి ముడుచుకుని సెగ దగ్గర కూర్చున్నారు. ఈ కాలం కోడళ్ళకి పెద్దవాళ్ళంటే లెక్కే లేదని కుంపటికి చెప్పుకున్నారు.

వెనక తుమ్ము వినిపించింది.

తిరిగి చూస్తే కోడలు సరిగ్గా ఆ సందు కిందే, కొంగు చెవుల చుట్టూ చుట్టుకుని కూర్చుంది.

"ఆ చలిగాలిలో ఎందుకే?"

"లేస్తే మీరు మళ్ళీ కుక్కేస్తారుగా."

అత్తగారు లేచి తన శాలువా ఆమె భుజాల మీద వేశారు.

"జరుగు. మంచి గాలంతా నువ్వొక్కదానివే పీల్చేస్తున్నావు."