కిటికీకి ఓటు లేదు

“మీ కిటికీకి ఓటు లేదండీ,” అన్నాడు దేవదాసు, కాగితాన్ని కంచె మీదుగా తిరిగి ఇచ్చేస్తూ.

జనార్దనరావు మాస్కు వెనకాల నోరు తెరిచాడు. రెండు రోజులు సెలవు పెట్టి మరీ రాసిన అభ్యంతరపత్రం అది. లూకన్ అనే ఆ విదేశీ ఊళ్ళో వాళ్ళ వరస ఇళ్ళ వెనక ఉన్న పొలానికి స్థానిక కౌన్సిల్ వాళ్ళు కొత్త ముసాయిదా ప్లానులో పసుపు రంగు వేశారు. పసుపంటే ఇళ్ళు. వచ్చే ఆరేళ్ళలో ఎక్కడ ఏం కట్టొచ్చో ఆ ప్లానే తేలుస్తుంది. జనం తమ మాట చెప్పుకోవడానికి ఇంకా అయిదు వారాలే గడువు. కిటికీలోంచి ఆ పొలం మీదుగా కనిపించే కొండల కోసమే జనార్దనరావు ఆ ఇల్లు కొన్నాడు. పైగా కాలనీ సంఘానికి అధ్యక్షుడు.

“కొండలు కనబడవు, ఇంటి ధర పడిపోద్ది, ఎవరెవరో వచ్చి చేరతారు. ఈ మూడు ముక్కలూ చదివి ఆఫీసర్లు నవ్వుకుంటారండీ, అంతే,” అన్నాడు దేవదాసు.

“మీకెలా తెలుసు అంకుల్?”

“మా ఊరి మున్సిపాలిటీలో, టౌన్ ప్లానింగ్ సెక్షన్లో ముప్ఫయ్యొక్కేళ్ళు చేశానండీ. నా చేతిమీదుగా వెళ్ళని ఫైలు లేదు. నేను రాందే మీటింగు మొదలయ్యేది కాదు.”

ఆ క్షణంలో అంకుల్ కాస్తా సార్ అయిపోయాడు.

దేవదాసు పక్కింట్లో అద్దెకుంటున్న నర్సు డెబోరా తండ్రి. మూణ్ణెల్లుండి పోదామని విమానమెక్కి వచ్చి, కరోనా దెబ్బకి ఏడాదిన్నరగా ఇక్కడే చిక్కుబడిపోయాడు. ఇన్నాళ్ళూ జనార్దనరావు ఆయనకి దూరం నుంచి చెయ్యూపడమే తప్ప పలకరించింది లేదు. ఇంత అనుభవజ్ఞుణ్ణి పక్కన పెట్టుకుని, మూడో ఇంటి కీరన్‌తో ప్లాను గురించి వాదించినందుకు తనని తానే తిట్టుకున్నాడు. బస్సు తోలేవాడికి ప్లానింగేం తెలుస్తుంది?

మర్నాటి నుంచి కంచెకి అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. సాయంత్రం నాలుగింటికల్లా పాఠం మొదలు.

“ఊరికి ప్లానంటే పంతం కాదండీ. ముందు ముందు ఎంతమంది వస్తారు, వాళ్ళ పిల్లలు ఎక్కడ చదవాలి, బస్సు ఎక్కడ ఆగాలి, మురుగు ఎటు పోవాలి, ఇవన్నీ ముందే చూసుకుని రంగులేసుకోవడం. మీరు ఆ లెక్కలోంచి మాట్లాడాలి. ఆ పొలంలో నీళ్ళు నిలుస్తాయా?”

“ఫిబ్రవరిలో చెరువే సార్. మా అలేఖ్య బాతులకి ఫొటోలు తీసింది.”

“మరి చెప్పరేం? కొండలు తీసేయండి, బాతుల్ని పెట్టండి.”

అలేఖ్య ఫోన్‌లోంచి తలెత్తకుండా, “దట్స్ గ్రాండ్, డాడ్,” అని పదకొండు ఫొటోలు పంపేసింది.

“ఇంకోటండీ. ఇళ్ళొద్దనకండి. ఇక్కడ కాదు, అదిగో అక్కడ అని చూపించండి. మా అమ్మాయిలాంటోళ్ళు కూడా ఎక్కడో ఓ చోట ఉండాలి కదండీ.”

జనార్దనరావు ఇబ్బందిగా కదిలాడు. “ఎవరెవరో వచ్చి చేరతారు” అని తాను రాసిన కాగితాన్ని డెబోరా తండ్రికే చదవమని ఇచ్చానన్న సంగతి అప్పుడు తట్టింది. దేవదాసు ఏమీ పట్టనట్టు మ్యాపులో రైలుస్టేషన్ పక్కనున్న పాడుబడ్డ గోదాముల మీద వేలు పెట్టాడు.

పత్రం ఏడుసార్లు తిరగరాశారు. కాలనీ మొత్తం దాన్ని పంపింది. కీరన్ కూడా సంతకం పెట్టాడు.

తర్వాత మార్చిలో కౌన్సిలర్ల ఓటింగు జరిగింది. జనార్దనరావు లాప్‌టాప్‌కి ముక్కు ఆనించి చూశాడు. నీటి ముంపు గురించి స్థానికులు చూపిన ఆధారాలు బలంగా ఉన్నాయని అధికారుల నివేదికే ఒప్పుకుంది. ఇళ్ళు రాకుండా పొలానికి ఆకుపచ్చ రంగు పడింది. గోదాములకి పసుపు పడింది.

జనార్దనరావు ఇక ఆగలేదు. శాలువా కొన్నాడు, సన్మాన సభకి హాలు మాట్లాడాడు, ఆహ్వానపత్రం తయారుచేశాడు. సభలో చదవడానికి ఉపన్యాసం కూడా రాసుకున్నాడు. ‘చదువూ హోదా ఉన్నవారి సలహా దొరకడం మన అదృష్టం. ఇలాంటి విషయాలు ఎవరుపడితే వాళ్ళు మాట్లాడేవి కావు’ అన్న వాక్యం ఆయనకి మరీ నచ్చింది. భార్య శాంతకి రెండుసార్లు వినిపించాడు.

“పాపం కీరన్ కూడా వస్తాడేమో. ఆ వాక్యం తీసేయండి,” అంది శాంత.

“అతనికి తెలుగు రాదులే.”

‘విశ్రాంత టౌన్ ప్లానింగ్ అధికారి శ్రీ దేవదాసు గారికి ఘన సన్మానం’ అన్న ఆహ్వానం లూకన్ తెలుగువాళ్ళ గ్రూపుల్లోకి వెళ్ళిపోయింది. నూట పద్దెనిమిది మంది నమస్కారాలు పెట్టారు.

డ్యూటీ దిగి బస్సెక్కాక డెబోరా దాన్ని చూసి, వెంటనే జనార్దనరావుకి వాయిస్ మెసేజ్ పెట్టింది.

“అంకుల్, చాలా థాంక్సండీ, కానీ నాన్న ఆ ఆఫీసులో అటెండరు.”