నాన్న జాయ్‌స్టిక్

నాన్న చెక్కలు కోసి సొంతంగా చేసిన వీడియో గేమ్ పెట్టె, ఆయన పోయాక మూలన పడింది. లోపలి పాత కంప్యూటర్ తీసేసి, అరచేతిలో పట్టేంత కొత్తది బిగించాను. తెర వెలిగేసరికి బయట చీకటి పడింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

“రెండో జాయ్‌స్టిక్ కూడా బాగుచేశానమ్మా! తీగలు తారుమారుగా ఉన్నాయి. పైకి తోస్తే బొమ్మ కిందికి పోయేది.”

వంటింట్లోంచి అమ్మ నవ్వింది. “మీ నాన్న తప్పు ఒప్పుకుంటేగా! అదే అసలు పద్ధతని చివరిదాకా అలాగే ఆడారు.”

ఇద్దరాడే ఆట పెట్టి, ఒక్కదాన్నే కూర్చున్నాను. రెండో బొమ్మ కూడా కదిలింది. తీగ ఎక్కడో తగులుతోందనుకున్నాను. అది నిచ్చెన దాకా చక్కగా నడిచింది. అక్కడ ఎక్కాల్సింది పోయి కిందికి దిగి గోతిలో పడింది. మళ్లీ వచ్చింది. మళ్లీ అక్కడే పడింది. నా పక్కన జాయ్‌స్టిక్ విసుగ్గా టకటకమంది. ఎవరో లాగినట్టు కిందికి వాలింది.

చటుక్కున వెనక్కి జరిగాను. ఆ తర్వాత నవ్వొచ్చింది.

పెట్టె వెనక తలుపు తీసి, ఆ రెండు తీగల్నీ మళ్లీ తారుమారు చేశాను.

ఈసారి బొమ్మ చకచకా నిచ్చెనెక్కి పైన ఆగింది. చిన్నప్పుడూ అంతే, నేనెక్కేదాకా నాన్న కదిలేవాడు కాదు.

“ఆగు నాన్నా, వస్తున్నా.”

“ఎవరితోనే మాటలు?” అంది అమ్మ.

నా స్టూలు ముందుకు లాక్కున్నాను. పక్కనున్న ఖాళీ స్టూలు కిర్రుమంటూ నా దగ్గరికి జరిగింది.