అప్పలనర్సమ్మ సంతకం

ఇప్పుడు ప్రతి జైలు గదిలోనూ తెర మీద కాలేజీ నడుస్తోంది. డిగ్రీ పాసైతే శిక్ష రెండేళ్లు తగ్గుతుంది. జైల్లో ఉన్న మా అమ్మాయి గౌరి ఆఖరి పరీక్ష రాయాలంటే ఇంటివాళ్ల హామీ కావాలన్నారు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

పరీక్ష ఉదయం మా ఇంట్లో తెర వెలిగి, హామీకి, "బొటనవేలు పెట్టండి" అంది. నాకు రోషం వచ్చింది. ఆయన పోయాక, అరవయ్యో ఏట, గౌరే జైల్లోంచి ప్రతి ఆదివారం తెరలో కూర్చుని నాకు అక్షరాలు నేర్పింది. ఇంకా నేను వేలిముద్రదాన్నేనా? చూపుడువేలి కొనతో తెర అద్దం మీద నా పేరంతా రాశాను: అప్పలనర్సమ్మ.

తెరకు నా బొటనవేలే తెలుసు, నా పేరు తెలియదు. పది నిమిషాలు ఆగి, ఇంటివాళ్లెవరూ రాలేదని పరీక్ష రద్దు చేసేసింది. మళ్లీ పరీక్ష ఏడాది తర్వాతే. ఇది పాసై ఉంటే గౌరి ఉగాదికి ఇంటికి వచ్చేసేది.

ఆదివారం తెరలోకి వచ్చిన గౌరి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"వేలెట్టమంటే సంతకం ఎట్టినావేటమ్మా?"

"ఇంకెప్పుడూ వేలెట్టొద్దని నువ్వే గదే సెప్పినావు."

గౌరి తెరకు దగ్గరగా జరిగింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ర కింద స వత్తు ఎట్టినావా?"

"ఎట్టినాను."

"అయితే తప్పు నేకుండా రాసినావన్నమాట," అని ముఖం అవతలికి తిప్పుకుంది.